వడగాడ్పుకు నీరు, ఉక్కపోతకు గాలి
వేసవిలో కోళ్ల షెడ్లను చల్లగా ఉంచుకునే విధానం

(ప్రత్యేక వ్యాసం)

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది తెలుగునాట తరతరాలుగా వినిపిస్తున్న సామెత. రోళ్ల సంగతి ఎలా ఉన్నా, మే నెల ఆరంభం నుంచి నైరుతి రుతుపవనాలు పలకరించే వరకు కోళ్ల పెంపకందారులకు కంటిమీద కునుకు ఉండదు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ప్రథమ స్థానంలో ఉన్నది. తణుకు, అనపర్తి, పెరవలి ప్రాంతాల నుంచి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్, అస్సాం రాష్ట్రాలకు గుడ్ల లారీలు నిత్యం తరలివెళుతుంటాయి. ఇటు చిత్తూరు ప్రాంతంలోను, అటు కృష్ణా తీరంలోను వేలాది కుటుంబాలకు బ్రాయిలర్, లేయర్ కోళ్ల పెంపకమే జీవనాధారం. ఏడాది పొడవునా పడిన శ్రమ ఒక్క మధ్యాహ్నంలో బూడిదపాలయ్యే ప్రమాదం ఈ వృత్తిలో ఉన్నది.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లోను, విభజన అనంతరం 2015లోను వీచిన తీవ్ర వడగాడ్పులను ప్రజలు ఇంకా మరచిపోలేదు. ఆ రెండు వేసవులలోను వెయ్యి మందికి పైగా మనుషులు ప్రాణాలు కోల్పోయారు. అవే రోజులలో కోళ్ల ఫారాలలో లక్షల సంఖ్యలో కోళ్లు నేలకొరిగాయి. చనిపోయిన కోడి ఒక్కటే నష్టం కాదు. బతికిన కోడి మేత తగ్గిస్తుంది, గుడ్డు చిన్నదవుతుంది, పెంకు పలచబడి లారీ ఎక్కే లోపే చిట్లిపోతుంది. బ్రాయిలర్ కోడి బరువు పెరగక అమ్మకం వాయిదా పడుతుంది. కంపెనీలతో ఒప్పందంపై కోళ్లను పెంచే చిన్న రైతుకు చేతికి వచ్చే పెంపకపు కూలీ ఆ మేరకు కోతపడుతుంది.

అయితే కోళ్ల మరణాలన్నింటికీ ఎండే కారణం అనుకోవడం పొరపాటు. ఎండను చల్లార్చాలని చేసే ప్రయత్నంలోనే కొన్ని ఫారాలలో నష్టం మరింత పెరుగుతున్నది. షెడ్డు వేడెక్కగానే నీళ్లు చల్లడం మన రైతులకు అలవాటు. పల్నాడులో మేలు చేసే ఈ పని, గోదావరి డెల్టాలో ఒక ఉక్కపోత సాయంత్రాన కీడు చేయవచ్చు. ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే ముందుగా కోడి శరీరం వేడిని ఎలా వదిలించుకుంటుందో తెలుసుకోవలసి ఉంటుంది.

చెమట పట్టని ప్రాణి

కోడికి స్వేద గ్రంథులు లేవు. మనిషికి చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడినట్లు కోడికి జరగదు. దాని శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఒళ్లంతా ఈకల దుప్పటి కప్పుకుని ఉంటుంది. వాతావరణం చల్లగా ఉన్నంత సేపు తలపై తురాయి, మెడ కింద తమ్మెలు, ఈకలు లేని కాళ్లు, రెక్కల అడుగు భాగం గుండా ఒంటి వేడి గాలిలోకి పోతుంది. 18 నుంచి 27 డిగ్రీల మధ్య కోడి హాయిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన కొద్దీ ఈ మార్గం మూసుకుపోతూ వస్తుంది. గాలికీ ఒంటికీ మధ్య వేడిలో తేడా తగ్గిపోవడమే ఇందుకు కారణం.

అప్పుడు కోడి నోరు తెరిచి రొప్పడం మొదలుపెడుతుంది. మామూలు వేళల్లో నిమిషానికి 25, 30 సార్లు ఊపిరి తీసే కోడి, రొప్పేటప్పుడు 150 సార్లకు మించి తీస్తుంది. గొంతులోని, ఊపిరితిత్తులలోని తేమ ఆవిరై బయటకు పోతూ తనతో పాటు వేడిని తీసుకుపోతుంది. అనగా రొప్పు కోడికి చెమట వంటిది. కానీ ఈ పనికి కండరాలు శ్రమించాలి, ఆ శ్రమ మళ్లీ వేడిని పుట్టిస్తుంది. పైగా రొప్పుతో పాటు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అధికంగా బయటకు పోయి రక్తపు సమతుల్యత చెడుతుంది. గుడ్డు పెంకు తయారయ్యేది కాల్షియం కార్బొనేట్‌తో గనుక, ఆ వాయువు తరిగినప్పుడు పెంకు పలచబడుతుంది. వేసవిలో పెంకులేని గుడ్లు, తోలు గుడ్లు కనిపించడానికి మూలం ఇక్కడే ఉన్నది.

ఇక్కడే ఒక ముఖ్య విషయం గమనించాలి. నోటి నుంచి తేమ ఆవిరి కావాలంటే చుట్టూ ఉన్న గాలి పొడిగా ఉండాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కోడి ఎంత రొప్పినా ఫలితం ఉండదు. ఒంటి వేడి క్రమంగా పెరిగి 46 డిగ్రీలు దాటిందంటే ఇక ఆ కోడి బతకడం దుర్లభం.

కుండ చెప్పే పాఠం

మన ఇళ్లలో మంచినీటి కుండను గుర్తు చేసుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. రెంటచింతలలో 44 డిగ్రీల ఎండలో నీడన పెట్టిన కుండలోని నీరు గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. అదే కుండ భీమవరంలో సముద్రపు గాలి స్తంభించిన రోజున అంతగా చల్లబడదు. అక్కడ ఎండ తక్కువే, కానీ గాలిలో తేమ ఎక్కువ. కుండ చెమర్చినా ఆ చెమ్మ ఆరదు.

లెక్కలలో చెప్పాలంటే, గాలి 44 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉన్నప్పుడు నీటి ఆవిరి వల్ల ఆ గాలిని సిద్ధాంతరీత్యా 25, 26 డిగ్రీల వరకు చల్లార్చవచ్చు. గాలి 38 డిగ్రీల వేడితో, 60 శాతం తేమతో ఉన్నప్పుడు ఎంత నీరు చల్లినా 31 డిగ్రీలకు లోపుగా దిగదు. ఆచరణలో ఆ మేరకు కూడా సాధ్యపడదు. పైగా అలా చల్లిన గాలి తేమతో నిండిపోయి, కోడి రొప్పుకు చోటు లేకుండా చేస్తుంది. నీటికి చల్లార్చే శక్తి లేదని కాదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడిని పరిసరాల నుంచి లాగుకుంటుంది. ఆవిరి కాని నీరు మాత్రం ఈకలను, లిట్టరును తడపడం తప్ప మరే మేలూ చేయదు.

అందువల్ల ప్రతి ఫారంలోను రెండు థర్మామీటర్లు ఉండడం అవసరం. ఒకటి మామూలుగా వేలాడదీయాలి. రెండవదాని బుడ్డికి పలచని నూలుగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న నీటి సీసాలో ముంచి ఉంచాలి. షెడ్డు మధ్యలో, కోడి నిలిచే ఎత్తులో, ఎండ, నీటి తుంపరలు తగలని చోట ఈ రెండింటినీ కట్టుకోవాలి. ఫాగర్లు పెట్టే ముందు రెండింటి మధ్య తేడాను చూడాలి. పది డిగ్రీలు, అంతకు మించి తేడా ఉంటే నీటి తుంపర బాగా పనిచేస్తుంది. తేడా అయిదు డిగ్రీలకు పడిపోయిందంటే గాలిలో తేమ సుమారు 70 శాతానికి చేరినట్లు లెక్క. అప్పుడు ఫాగర్లను ఆపివేసి, ఫ్యాన్లను మాత్రం పూర్తి వేగంతో నడపాలి. కొద్దిపాటి ఖర్చుతో అమర్చుకోగల ఈ సాధనం లేకుండా వేలాది రూపాయల ఫాగర్లు పెట్టుకోవడం, దారి తెలియకుండా బండి తోలడం వంటిదే.

వేడి ఎక్కడి నుంచి వస్తున్నది?

షెడ్డులోకి వేడి మూడు వైపుల నుంచి వస్తుంది. పైనుంచి కప్పు కాలి కిందకు వేడిని వెదజల్లుతుంది. పక్కల నుంచి వడగాలి వీస్తుంది. మూడవది, చాలామంది లెక్కలోకి తీసుకోనిది, కోళ్ల ఒంటి వేడి. ఒక్కొక్క పెద్దకోడి సుమారు పది వాట్ల వేడిని విడుదల చేస్తుంది. వెయ్యి కోళ్లున్న చోట పది ఇస్త్రీ పెట్టెలు ఎడతెగకుండా కాలుతున్నట్లు భావించుకోవాలి. పదివేల కోళ్ల షెడ్డులో ఆ సంఖ్య వంద. ఈ వేడిని బయటకు తీసుకుపోయేది గాలి కదలిక ఒక్కటే. గాలి ఆగిపోయిన మరుక్షణం నుంచి షెడ్డు వేడెక్కుతూనే ఉంటుంది.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదివరకే చాలామంది రైతులకు తెలుసు. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ అప్పుడు పొట్టి గోడలకే తగులుతుంది. మే నెలలో మన అక్షాంశాలపై సూర్యుడు మిట్టమధ్యాహ్నం దాదాపు నడినెత్తిన ఉంటాడు గనుక ఆ వేళ భారమంతా కప్పు మీదనే పడుతుంది. గాలి ఆధారంగా నడిచే షెడ్డు వెడల్పు 25 నుంచి 30 అడుగులకు మించకూడదు. అంతకు మించితే ఒక పక్క ప్రవేశించిన గాలి రెండవ పక్కకు చేరే లోపే వేడెక్కిపోతుంది. చూరు మూడు నాలుగు అడుగులు ముందుకు ఉండాలి. కప్పు రెండు వాలులు కలిసే చోట వేడి గాలి పోయేందుకు సందు వదలాలి. పక్క గోడ అడుగు ఎత్తుకు మించకుండా, ఆపైన వల ఉండాలి. స్థలాభావం వల్ల షెడ్లను దగ్గర దగ్గరగా కట్టుకున్న చోట ఒక షెడ్డు వదిలిన వేడి గాలే పక్క షెడ్డుకు పీల్చే గాలి అవుతున్నది. కట్టేసిన షెడ్డును జరపలేము గాని, కొత్తగా కట్టేవారు ఈ ఒక్క విషయంలో ఎవరి మాటకూ లొంగకుండా ఎడం పాటించడం మేలు.

కప్పుపై తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎండవేళ సిమెంటు రేకు, ఇనుప రేకు చేయి పెట్టలేనంతగా కాలుతాయి. ఆ వేడి కోళ్ల వీపులపై నిప్పుల కుంపటి మాదిరిగా ప్రసరిస్తుంది. గాలి ఉష్ణోగ్రతను కొలిచే థర్మామీటరులో ఈ ప్రసారం పూర్తిగా కనిపించదు. కనుక అందరికన్నా ముందు కప్పును చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే రేకులపై పేరుకున్న మసి, దుమ్ము కడిగించి, రాత్రంతా నానబెట్టిన సున్నానికి కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు వేయించాలి. తెల్లని కప్పు ఎండను చాలావరకు వెనక్కు తిప్పికొడుతుంది. ఖర్చు తక్కువ, నీరు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు, తేమ పెరగదు. అన్ని జిల్లాలకూ, అన్ని వాతావరణాలకూ పనికివచ్చే ఉపాయం ఇది. వర్షాలకు కొట్టుకుపోతుంది గనుక ఏటా వేయించుకోవాలి.

సున్నం వేసే కూలీల భద్రత గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పాతబడిన సిమెంటు రేకు మనిషి బరువుకు ఉన్నట్టుండి విరుగుతుంది. రేకుపై నేరుగా అడుగు పెట్టనీయక, కింద ఆధారం ఉన్న చోట్ల అడ్డంగా చెక్క పలకలు పరచి, వాటి మీదనే నడిపించాలి. నిచ్చెన, నడుముకు తాడు ఉండి తీరాలి.

కప్పుపై తాటాకులు, కొబ్బరి మట్టలు, వరిగడ్డి పరచడం మన పల్లెల్లో పాత పద్ధతి. నీడగా ఇవి చక్కగా పనిచేస్తాయి. అయితే వేసవిలో నిప్పురవ్వ పడితే షెడ్డు మొత్తం అంటుకుంటుంది. విద్యుత్ తీగలు కప్పుకు దగ్గరగా ఉన్న చోట, పొలాలలో గడ్డి తగులబెట్టే చోట ఈ పద్ధతి జోలికి పోకపోవడం శ్రేయస్కరం.

కప్పుపై స్ప్రింక్లర్లు అమర్చుకున్నవారు రేకు కాలిన తరువాత కాక, ఉదయం పది గంటల నుంచే వాటిని వదలాలి. ఎడతెగకుండా పారించనవసరం లేదు. రేకు తడిసి, ఆరి, మళ్లీ తడిసేలా విడతలుగా వదిలితే చాలు. ఆరినప్పుడే చల్లదనం వస్తుంది. షెడ్డు బయట ఆవిరయ్యే నీరు గనుక తేమ ఉన్న ప్రాంతాలలో కూడా ఇది లోపలి ఫాగర్ల కంటే సురక్షితం. కారిన నీరు షెడ్డు చుట్టూ నిలిచిపోకుండా కాలువ తీయాలి.

వడగాడ్పు వేళ

ఎయిర్ కండిషనర్లు రాని రోజులలో ప్రభుత్వ కార్యాలయాల కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, గంటకోసారి నీళ్లు చల్లే ఏర్పాటు ఉండేది. ఆ తడికల గుండా వచ్చే గాలి సువాసనతో కూడా చల్లగా ఉండేదని పాతతరం ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కోళ్ల షెడ్డుకు గోనె పట్టాలు కట్టడం వెనుక ఉన్నది ఇదే సూత్రం.

పొడి వడగాలి 41 డిగ్రీలు దాటి వీచేటప్పుడు ఆ గాలి కోడి ఒంటి కంటే వేడిగా ఉంటుంది. అటువంటి గాలిని ఫ్యాన్లతో మరింత వేగంగా కోడిపైకి తోలితే చల్లదనం రాదు సరికదా, ఒంటికి వేడి ఎక్కుతుంది. కనుక గాలి వచ్చే వైపు, సాధారణంగా పడమటి, వాయవ్య దిక్కులలో, గోనె పట్టాలు వేలాడదీసి, పైన సన్నని రంధ్రాల గొట్టం ద్వారా నీరు బొట్లుగా కారేలా చూడాలి. పట్టా గోడకు అంటుకోకుండా అడుగు, అడుగున్నర ఎడం ఉండాలి. ఎదుటి వైపు పూర్తిగా తెరచి ఉంచాలి. నాలుగు వైపులా తడి పట్టాలు కట్టి షెడ్డును మూసివేయడం రైతులు తరచుగా చేసే తప్పు. లోపలికి వచ్చిన గాలి బయటకు పోయే దారి లేకపోతే షెడ్డు ఆవిరి కుడుముల గిన్నెలా మారుతుంది. సాయంత్రం గాలి చల్లబడగానే పట్టాలన్నింటినీ పైకి చుట్టేయాలి.

ఫాగర్లు పెట్టుకునేవారు తుంపర మంచు మాదిరిగా సన్నగా ఉండేలా చూసుకోవాలి. నీటి ఒత్తిడి చాలకపోతే తుంపర బదులు చినుకులు పడి లిట్టరు తడుస్తుంది, అమ్మోనియా వాయువు పుడుతుంది. రెండు మూడు నిమిషాలు నడిపి, పది పదిహేను నిమిషాలు ఆపుతూ, ఫ్యాన్లు తిరుగుతుండగానే వాటిని వాడాలి. ఫ్యాన్లు లేని షెడ్డులో, గాలి ఆడని వేళ ఫాగర్లు వాడకపోవడమే మంచిది. పంజరాలలో గుడ్ల కోళ్లను పెంచే షెడ్లలో నీరు కారి కింది ఎరువు తడిస్తే ఈగలు పుట్టుకొస్తాయి. ఫారం చుట్టుపక్కల గ్రామాల నుంచి వచ్చే ఫిర్యాదులకు ఎక్కువగా మూలం ఈ తడి ఎరువే.

ఉక్కపోత వేళ

కోస్తా జిల్లాలలో అసలు ప్రమాదం మిట్టమధ్యాహ్నంతో ముగియదు. మధ్యాహ్నమంతా ఫాగర్లు నడిచి షెడ్డులో తేమ నిండి ఉంటుంది. నాలుగు, అయిదు గంటలకు వడగాలి ఆగుతుంది. సముద్రపు గాలి అందుకోవడానికి ఆలస్యమవుతుంది. ఎండ తగ్గిందన్న ధీమాతో పనివారు మేత వేసి విశ్రాంతి తీసుకుంటారు. సరిగ్గా ఆ సంధి వేళలోనే కోళ్లు గుంపులుగా కూలిపోవడం జరుగుతుంది. వేసవి మధ్యలో ఓ అకాల వర్షం కురిసి వెంటనే ఎండ కాసిన రోజు కూడా ఇటువంటిదే. థర్మామీటరు 36 డిగ్రీలే చూపుతున్నదని నిశ్చింతగా ఉండరాదు.

అటువంటి వేళ చేయవలసింది ఒక్కటే. నీటిని ఆపి, పట్టాలు ఎత్తి, అన్ని వైపులా తెరచి, ఫ్యాన్లు నడపాలి. పెరిగిన కోడికి గాలి సెకనుకు రెండు, రెండున్నర మీటర్ల వేగంతో తగిలితే, గాలి తన ఒంటి కంటే చల్లగా ఉన్నంత వరకు, ఉన్న ఉష్ణోగ్రత కంటే అయిదారు డిగ్రీలు తక్కువగా ఉన్నట్లు అనిపిస్తుంది. ఫ్యాన్లను కప్పుకు దగ్గరగా కాక, గాలి కోళ్ల మీదుగా సాగే ఎత్తులో, సహజంగా గాలి వీచే దిశలోనే అమర్చాలి. ఎదురెదురుగా పెడితే ఒకదాని గాలిని మరొకటి ఆపుతుంది. నేలపై పెంచే బ్రాయిలర్ షెడ్డులో అరగంటకొకసారి మనిషి నెమ్మదిగా కోళ్ల మధ్య నుంచి నడుస్తూ వాటిని లేపాలి. కూర్చున్న కోడి కింద, పక్క కోళ్ల మధ్య చిక్కుకున్న వేడి దానితో బయటపడుతుంది. అరవడం, తరమడం చేయకూడదు.

అమ్మకానికి సిద్ధంగా ఉన్న రెండు కిలోల బ్రాయిలర్ కోళ్లే వేడికి ముందుగా బలవుతాయి. ఒళ్లు పెద్దది, ఎదుగుదల వేగం, చోటు ఇరుకు. మామూలుగా కోడికి ఒక చదరపు అడుగు లెక్కన వేసేవారు ఏప్రిల్, మే నెలల బ్యాచ్‌లలో పది నుంచి ఇరవై శాతం తక్కువ పిల్లలను వేయాలి. ఆదాయం తగ్గుతుందనిపించినా, చివరి వారంలో మరణాలతో పోల్చి చూస్తే ఇదే లాభసాటి. లిట్టరుగా వాడే ఊకను కూడా రెండు అంగుళాలకు తగ్గించాలి. ఇందుకు భిన్నంగా, మొదటి వారం పిల్లలకు 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం అవసరం. వేసవి కదా అని వాటిపై తుంపర పట్టించి జబ్బు తెప్పించకూడదు.

తాగునీరు, మేత

చల్లని నీరు కోడికి లోపలి నుంచి చల్లదనాన్నిస్తుంది. మామూలు రోజులలో కోడి తాను తినే మేతకు రెట్టింపు బరువు నీరు తాగుతుంది. ఎండ ముదిరినప్పుడు అది నాలుగైదు రెట్లకు చేరుతుంది. పదివేల గుడ్ల కోళ్లున్న ఫారానికి రోజుకు నాలుగైదు వేల లీటర్ల తాగునీరు సిద్ధంగా ఉండాలన్నమాట. షెడ్డు చల్లార్చే నీరు దీనికి అదనం. ఎండలో ఉన్న నల్లని ట్యాంకు నుంచి, నేలపై పరచిన గొట్టం నుంచి వచ్చే నీరు మధ్యాహ్నానికి ఒళ్లు కాలేంతగా వేడెక్కి ఉంటుంది. దాన్ని కోడి ముట్టదు. ట్యాంకుపై పందిరి వేసి, చుట్టూ తడి గోనె కట్టాలి. గొట్టాలను భూమిలో రెండడుగుల లోతున వేయాలి. నిపుల్ గొట్టాల చివరి మూత విప్పి మధ్యాహ్నం రెండు మూడు సార్లు నిలిచిన వేడి నీటిని వదిలేయాలి. పెద్దగా ఖర్చు లేని ఈ పని చేసే ఫారాలు తక్కువేనన్నది క్షేత్రస్థాయిలో తిరిగే పశువైద్యులు తరచుగా చెప్పే మాట.

మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న కొన్ని గంటలకు అది తారస్థాయికి చేరుతుంది. ఉదయం పది గంటలకు కడుపునిండా తిన్న కోడికి ఆ వేడి సరిగ్గా ఎండ మండే వేళ తోడవుతుంది. కావున మేతను తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం చల్లబడిన తరువాత వేయాలి. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు బ్రాయిలర్లకు మేత తొట్లు పైకి ఎత్తివేయడం మంచిది. తగ్గిన మేతను పూరించడానికి అర్ధరాత్రి గంటసేపు దీపాలు వెలిగించి గుడ్ల కోళ్లకు మేత, నీరు అందించవచ్చు. పెంకు తయారయ్యేది ఎక్కువగా రాత్రి వేళలో గనుక ఆల్చిప్పల పొడి, రాతి గ్రిట్ సాయంత్రం మేతలో ఇవ్వాలి. విటమిన్ సి, ఎలక్ట్రోలైట్లు, వంటసోడా వంటివి నీటిలో కలిపే ముందు పశువైద్యుని సలహా తప్పనిసరి. మోతాదు మించిన వంటసోడా కోడికి హాని చేస్తుంది. టీకాలు వేయడం, కోళ్లను ఒకచోటి నుంచి మరొక చోటికి మార్చడం, లారీలకు ఎత్తడం రాత్రి లేదా తెల్లవారుజామునే జరగాలి.

విద్యుత్తు ఆగిన వేళ

కూలింగ్ ప్యాడ్లు, పెద్ద ఫ్యాన్లతో నడిచే మూసివేసిన షెడ్లు ఇటీవలి కాలంలో పెరిగాయి. వాటిలో బయట 42 డిగ్రీలున్నా లోపల కోళ్లు సుఖంగా ఉంటాయి. కానీ విద్యుత్తు ఆగితే ఆ షెడ్డుకు కిటికీలు లేవు. వేల కోళ్ల ఒంటి వేడి, తేమ బయటకు పోక అరగంట లోపే మరణాలు మొదలు కావచ్చు. ప్రతి వారం జనరేటర్‌ను ఉత్తినే మోగించి చూడడం సరిపోదు. పూర్తి ఫ్యాన్ల భారంతో పావుగంట నడిపి చూడాలి. రెండు రోజులకు సరిపడా డీజిల్ నిల్వ ఉండాలి. విద్యుత్తు పోగానే మోగే గంట బ్యాటరీతో పనిచేయాలి, అది కావలి మనిషి పడుకునే చోట వినిపించాలి. చేతితో తెరిచే అత్యవసర కిటికీలను ఎలా తెరవాలో రాత్రి పనివారికి కూడా నేర్పి ఉంచాలి. మామూలు షెడ్డు యజమానికి ఇంత బెంగ అవసరం లేదు. తెల్లని కప్పు, తెరిచిన పక్కలు, చెట్ల నీడ విద్యుత్తు లేకున్నా తమ పని తాము చేస్తూనే ఉంటాయి.

చెట్ల విషయంలోను చిన్న మెలకువ ఉన్నది. గుబురు పొదలు గాలిని ఆపుతాయి. వేప, గానుగ వంటి వాటిని నాటి, కింది కొమ్మలు నరుకుతూ పైకి పెంచితే కప్పుకు నీడ, పక్కలకు గాలి రెండూ దక్కుతాయి. షెడ్ల మధ్య నేలపై పచ్చగడ్డి ఉంటే కాలిన నేల నుంచి వచ్చే సెగ తగ్గుతుంది.

పెరట్లో పది కోళ్లు పెంచుకునే మహిళలకు ఇంత సరంజామా అక్కరలేదు. చెట్టు నీడన మట్టి మూకుడులో నీరు పెట్టి పూటకు రెండుసార్లు మార్చడం, మధ్యాహ్నం రేకుల గూటిలో మూసి ఉంచకపోవడం చాలు. మెడపై ఈకలు లేని జాతి కోళ్లు ఎండను బాగా తట్టుకుంటాయన్న సంగతి పల్లెవాసులు ఎరిగినదే. ఈకలు తక్కువ గనుక ఒంటి వేడి వాటికి సులభంగా పోతుంది.

కోడి పడిపోయినప్పుడు

రెక్కలు వాల్చి, నోరు తెరిచి, కళ్లు మూతలు పడుతూ విడిగా నిలిచిన కోడి ఆపదలో ఉన్నట్లు. అటువంటి కోళ్లను తీసి నీడన, గాలి తగిలే చోట ఉంచాలి. తల పైకి ఉండేలా పట్టుకుని మెడ వరకు చల్లని నీటి బకెట్టులో కొద్దిసేపు ముంచి తీస్తే చాలావరకు తేరుకుంటాయి. మంచుగడ్డల నీరు వద్దు.

మరణాలు సంభవించినప్పుడు అన్నింటినీ ఎండ ఖాతాలో వేయడం తగదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలోని కొన్ని ఫారాలలో కోళ్ల మరణాలకు బర్డ్‌ఫ్లూ కారణమని నిర్ధారణ అయింది. ఎండ దెబ్బకు కోళ్లు మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఎక్కువగా పడిపోతాయి, బరువైనవి ముందుగా పోతాయి, వాతావరణం చల్లబడితే మరణాలు ఆగుతాయి. రాత్రీ పగలూ తేడా లేకుండా, రోజురోజుకూ సంఖ్య పెరుగుతూ ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యాధికారికి తెలియజేయాలి. చనిపోయిన కోళ్లను కాలువలలో, మురుగు డ్రెయిన్లలో పారవేయడం, తక్కువ ధరకు అమ్మివేయడం నేరం, పొరుగువారి ఆరోగ్యానికి ముప్పు. బావులకు, చెరువులకు దూరంగా ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చిపెట్టాలి. ఈ గొయ్యిని వేసవికి ముందుగానే తవ్వి సిద్ధంగా ఉంచుకోవడం మంచిది, ఆ రోజున కూలీలు దొరకరు.

రెండు థర్మామీటర్లను అమర్చుకునే తీరు, ఫాగర్ల వాడకం, వేసవి మేతలో మార్పుల విషయమై సందేహాలున్న పెంపకందారులు తమ మండలంలోని పశువైద్యశాలలోగాని, పశు సంవర్ధక శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలోగాని పని వేళలలో సంప్రదించవచ్చు.